నాన్నకు ఆయాసం జబ్బు, ఇప్పుడు చూపు మసక: ముందు ఆ చుక్కల సీసా చూడండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైంది ఇదీ. నాన్నగారికి 64 ఏళ్ళు, కొండపి దగ్గర పల్లె, పొగాకు రైతు. కుర్రతనం నుంచి చుట్ట, తర్వాత సిగరెట్. ఆరేళ్ళుగా సీఓపీడీ, అంటే ఊపిరి గొట్టాలు ఇరుకై ఆయాసం వచ్చే జబ్బు. రెండు రకాల ఇన్‌హేలర్లు వాడుతున్నారు, ఇంట్లో నెబులైజర్ ఉంది. పోయినేడు ఆయాసం ముదిరి రెండుసార్లు ఆసుపత్రిలో ఉన్నారు, స్టెరాయిడ్ మాత్రలు మింగారు. నాలుగు నెలలుగా చూపు మసక, ఎదురొచ్చే బండి లైటు భరించలేకపోతున్నారు, కళ్ళు మంట. అద్దాలు రెండుసార్లు మార్చినా లాభం లేదు. ఊళ్ళో పెట్టిన క్యాంపులో శుక్లం ఉందన్నారు, కంట్లో ప్రెషర్ కూడా ఉందని ఏవో చుక్కలు ఇచ్చారు. మీరు అడిగినవి మూడు: ఊపిరితిత్తుల జబ్బు వల్లే చూపు పోతోందా, ఇన్‌హేలర్ ఆపేస్తే బాగవుతుందా, వెల్లకిలా పడుకోలేని మనిషికి కంటి ఆపరేషన్ ఎలా చేస్తారు.

ఇవి కాక చివర్లో మాటవరసకు ఒకటి రాశారు: "నెల రోజులుగా ఆయాసం కూడా పెరిగింది, చలికాలం కదా."

నేను ఒంగోల్లో ఇరవై రెండేళ్ళుగా కంటి వైద్యం చేస్తున్నాను. మీ మూడు ప్రశ్నలకన్నా ఆ చివరి వాక్యమే నన్ను ఆపింది. చలికాలమే కారణం కావచ్చు. కానీ చుక్కలు మొదలుపెట్టింది ఎప్పుడు? అది కూడా నెల కిందటేనా?

ఈ రోజే నాన్నగారికి ఫోన్ చేసి ఆ సీసా మీద పేరు చదివించండి. అందులో టిమోలాల్ అనే మందు ఉంటే ఇక ఒక్క చుక్క కూడా వేయనివ్వకండి. ఇవాళే కంటి డాక్టరుకు చెప్పి వేరే మందు రాయించుకోండి. ఆయాసం బాగా ఎక్కువగా ఉంటే నేరుగా ఛాతీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. కంటి ప్రెషర్ తగ్గించడానికి ఎక్కువగా వాడే చవకైన చుక్కల్లో ఇదొకటి. ఒక్కోసారి ఇది ఒక్కటే ఉండదు, బ్రిమోనిడిన్‌తోనో డోర్జోలమైడ్‌తోనో కలిపి వస్తుంది. అలాంటి జంట మందుల్లో చాలావాటికి పేరు చివర 'టి' అక్షరం తగిలిస్తారు. పేరును మాత్రమే నమ్మకుండా కింద సన్నక్షరాల్లో ఉండే మందుల వివరం కూడా చదవమనండి. నాన్నగారికి కనిపించకపోతే పక్కింటి పిల్లవాడితో ఫోటో తీయించి తెప్పించుకోండి.

కంట్లో వేసిన చుక్క ఊపిరితిత్తులదాకా ఎలా పోతుందని చాలామంది ఆశ్చర్యపోతారు. కంటి లోపలి మూలన చిన్న రంధ్రం ఉంటుంది, కన్నీళ్ళు దాని గుండానే ముక్కులోకి దిగుతాయి. ఏడిస్తే ముక్కు కారేది అందుకే. చుక్కల మందు కూడా అదే దారిన దిగి, ముక్కు లోపలి పొర గుండా నేరుగా రక్తంలో కలుస్తుంది. మాత్ర మింగితే కాలేయం కొంత మందును విరిచేస్తుంది, ఇక్కడ ఆ వడపోత కూడా లేదు. ఊపిరి గొట్టాలను వదులు చేయడానికి పంపులో ఉండే సాల్బుటమాల్ మందు ఏ గ్రాహకాల (మందు అతుక్కునే చోట్ల) మీద పని చేస్తుందో, టిమోలాల్ సరిగ్గా వాటినే మూసేస్తుంది. ఒక పక్క తలుపు తీస్తూ ఇంకో పక్క గడియ పెట్టినట్టు. ఆయాసం పెరగడమే కాదు, ఆయాసానికి కొట్టే పంపు కూడా సరిగా పట్టదు.

ఈ పొరపాటు నేనూ చేశాను, ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తల్లో. టంగుటూరు వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు, నీటికాసుల జబ్బు (గ్లకోమా). "ఆయాసం ఏమన్నా ఉందా?" అని అడిగా. "లేదు సామీ" అన్నాడు. టిమోలాల్ రాసిచ్చా. పన్నెండో రోజు ఆయన కొడుకు ఒక్కడే వచ్చాడు, నాయన ఆసుపత్రిలో ఆక్సిజన్ మీద ఉన్నాడని చెప్పడానికి. బతికాడు, దేవుడి దయ. తర్వాత తేలిందేమిటంటే ఆయనకు పదేళ్ళ నుంచి పొద్దున్నే దగ్గు, గళ్ళ (కఫం), మెట్లెక్కితే రొప్పు ఉన్నాయి. ఆయన దృష్టిలో అది చుట్ట దగ్గు, ఆయాసం అంటే ఉబ్బసం వాళ్ళకు వచ్చేది. తప్పు ఆయనది కాదు, నేను అడిగిన తీరుది. అప్పటి నుంచి ఆయాసం ఉందా అని అడగను. "చుట్ట తాగుతావా, పొద్దున్నే గళ్ళ పడుతుందా, మీ చేని గట్టు దాకా ఆగకుండా నడుస్తావా?" అని అడుగుతాను.

టిమోలాల్‌కు బదులుగా వాడదగినవి లేకపోలేదు. లాటానోప్రోస్ట్, ట్రావోప్రోస్ట్ లాంటివి రాత్రిపూట ఒక్క చుక్క చాలు, సీఓపీడీ ఉన్నవాళ్ళకు మామూలుగా ముందు వీటినే ఎంచుకుంటాం. బ్రింజోలమైడ్, డోర్జోలమైడ్ చుక్కలు కూడా ఉన్నాయి. బీటాక్సొలాల్ ఊపిరితిత్తుల మీద తక్కువగా పని చేస్తుందంటారు, అయినా నేను మాత్రం ఇలాంటివాళ్ళకు రాయను. ఏ చుక్కైనా సరే, వేశాక కళ్ళు మూసుకుని ముక్కు పక్కన కంటి మూలను రెండు నిమిషాలు వేలితో నొక్కి పట్టుకోమనండి. రక్తంలోకి పోయే మందు బాగా తగ్గుతుంది.

ఇక మొదటి ప్రశ్న. ఊపిరితిత్తుల జబ్బు తనంతట తాను చూపు తీసేయడం అరుదు. నేను చూసినంతలో ఇలాంటివాళ్ళలో చూపు తగ్గడానికి అసలు కారకులు పొగ, ఆయాసం కోసం వాడే మందులు, వయసు. రక్తంలో ఆక్సిజన్ తగ్గడం వల్ల వచ్చేవి వాటి తర్వాతే.

నాన్నగారి విషయంలో శుక్లం అన్న మాట నిజమే అయ్యుంటుంది. పొగ తాగేవాళ్ళకు కంటి కటకం (లెన్స్) నడిమధ్య పసుపు, గోధుమ రంగు తిరిగే శుక్లం త్వరగా వస్తుంది. ఈ రకం శుక్లంతో ఒక తమాషా జరుగుతుంది, దూరం చూపు తగ్గి దగ్గరి చూపు మెరుగవుతుంది. "అద్దాల్లేకుండా పేపరు చదువుతున్నా, చత్వారం పోయింది" అని సంబరపడతారు. మీరు రెండుసార్లు అద్దాలు మార్పించినా నిలవకపోవడం ఇలాంటి శుక్లం వల్లే కావచ్చు. స్టెరాయిడ్ల వల్ల వచ్చేది వేరు. అది కటకం వెనక పొర మీద, సరిగ్గా చూపు వెళ్ళే దారిలో కూర్చుంటుంది. ఎండలో, ఎదురుగా లైటు పడ్డప్పుడు కంటిపాప చిన్నదై వెలుగంతా ఆ మచ్చ గుండానే పోవాలి. అందుకే ఇంట్లో బాగానే తిరిగే మనిషి రోడ్డు మీద బండి లైటు పడితే గుడ్డివాడైపోతాడు. మీరు రాసిన లక్షణాలు చూస్తే నాన్నగారికి రెండు రకాలూ కలిసి ఉన్నాయని నా అనుమానం, చూడందే ఖాయంగా చెప్పలేను. స్టెరాయిడ్ కొందరిలో కంటి ప్రెషర్‌ను కూడా పెంచుతుంది. క్యాంపులో కనిపించిన ప్రెషర్ దాని వల్ల వచ్చిందా, అసలు నీటికాసులే ఉన్నాయా అన్నది తేల్చాలంటే కంటి నరం చూడాలి, ఫీల్డ్ పరీక్ష (చుట్టుపక్కల చూపు ఎంత ఉందో చూసేది) చేయాలి. క్యాంపులో ఇవి కుదరవు, వాళ్ళను తప్పు పట్టడానికి లేదు.

ఇన్‌హేలర్ మాత్రం ఆపవద్దు. రెండో ప్రశ్నకు ఇదే నా జవాబు, ఇందులో బేరం లేదు. మాత్రల స్టెరాయిడ్ ఒళ్ళంతా పాకుతుంది. ఇన్‌హేలర్‌లో ఉండేది దానితో పోలిస్తే చాలా తక్కువ. ఏళ్ళ తరబడి ఎక్కువ మోతాదులో పీల్చేవాళ్ళలో శుక్లం, ప్రెషర్ వచ్చే అవకాశం కొంత పెరుగుతుంది, అది నిజమే. దానికి మందు ఆపేయడం జవాబు కాదు, ఏడాదికోసారి కళ్ళు చూపించుకుంటే సరిపోతుంది. ఇన్‌హేలర్ మానేసి ఆయాసం ముదిరి మళ్ళీ ఆసుపత్రిలో చేరితే అక్కడ ఇచ్చేది ఏమిటి? స్టెరాయిడ్ మాత్రలు, ఇంజెక్షన్లే. కంటికి భయపడి ఇన్‌హేలర్ ఆపితే కంటికే ఎక్కువ నష్టం. అసలు ఆయన ఇన్‌హేలర్‌లో స్టెరాయిడ్ అవసరమా కాదా అన్నది ఛాతీ డాక్టరు తేల్చే సంగతి. సీఓపీడీలో అందరికీ అది అవసరం ఉండదు, మాటిమాటికీ ముదిరేవాళ్ళకు ఉంటుంది.

నెబులైజర్ గురించి కాస్త ఎక్కువ రాయాలి, ఎందుకంటే దీన్ని ఎవరూ పట్టించుకోరు. నెబులైజర్‌లో వేసే మందుల్లో ఇప్రట్రోపియం అనేది ఒకటి, ఇంటింటా కనిపించే డ్యూయోలిన్‌లో ఉండేది అదే. మాస్కు ముఖానికి సరిగా అతుక్కోకపోతే మందు పొగ ముక్కు పక్కల నుంచి పైకి తన్ని కళ్ళలోకి పోతుంది. పాప విప్పారుతుంది. మామూలు కంటికైతే కాసేపు మసక, అంతే. కానీ కొందరి కళ్ళలో ముందు భాగం పుట్టుకతోనే ఇరుకుగా ఉంటుంది. అలాంటి కంట్లో పాప విప్పారితే నీరు బయటికి పోయే దారి మూసుకుపోయి, గంటల్లో ప్రెషర్ ఒక్కసారిగా పెరుగుతుంది.

దర్శి వైపు నుంచి ఒక ముసలామెను తెచ్చారు. ఆమె జన్మలో పొగ తాగలేదు. నలభై ఏళ్ళు కట్టెల పొయ్యి ఊదిన ఊపిరితిత్తులు అవి. కట్టెల పొగ కూడా సీఓపీడీ తెస్తుంది, ఈ మాట ఆడవాళ్ళున్న ఇంట్లో గట్టిగా చెప్పాలి. ఆయాసం ముదిరి ఎక్కడో చేర్పిస్తే రాత్రంతా నెబులైజర్ పెట్టారు, బోసి నోరు, లోపలికి పోయిన బుగ్గలు, మాస్కు వదులు. తెల్లారేసరికి కుడి కన్ను, కుడి పక్క తల పగిలిపోయే నొప్పి, వాంతులు. వాంతులు చూసి గ్యాస్ అనుకున్నారు. మూడో రోజు నా దగ్గరికి వచ్చేసరికి ఆ కంట్లో చూపు చేతి కదలిక వరకే మిగిలింది. రెండో కంటికి లేజర్ చేసి కాపాడుకున్నాం. మొదటి రోజే వచ్చుంటే రెండు కళ్ళూ దక్కేవి.

కాబట్టి నాన్నగారికి మాస్కు తీసేసి నోట్లో పెట్టుకునే గొట్టం వాడమనండి, మెడికల్ షాపులో దొరుకుతుంది. మాస్కే తప్పదంటే బిగుతుగా కట్టి కళ్ళు మూసుకోమనండి, తర్వాత ముఖం కడుక్కోమనండి. నెబులైజర్ పెట్టిన కొన్ని గంటల్లో కంటి నొప్పి, ఎరుపు, దీపం చుట్టూ రంగుల వలయాలు, వాంతులు వస్తే తెల్లారేదాకా ఆగవద్దు.

కళ్ళ మంట సంగతి తేలిక. పొగ, నెబులైజర్ గాలి, ముఖానికి సూటిగా తగిలే ఫ్యాను, ఆక్సిజన్ పెట్టుకుంటే దాని గాలి, ఇవన్నీ కన్నీటి పొరను ఆరిపోయేలా చేస్తాయి. రోజుకు నాలుగుసార్లు మామూలు కృత్రిమ కన్నీటి చుక్కలు చాలు. నందివర్ధనం పూలు కళ్ళ మీద పెట్టుకుంటారు మన వైపు, మూసిన రెప్పల మీద చల్లగా పెట్టుకుంటే నాకు అభ్యంతరం లేదు. వాటిని పిండిన రసం మాత్రం కంట్లో పోయకండి. మెడికల్ షాపులో "మంటకు" అని అడిగితే ఇచ్చే చుక్కల్లో తరచూ డెక్సామెథాసోన్ ఉంటుంది. అది కూడా స్టెరాయిడే. మంట ఒక్క రోజులో పోతుంది, ప్రెషర్ మాత్రం చడీచప్పుడు లేకుండా పెరుగుతుంది.

గట్టిగా దగ్గినప్పుడు తెల్లగుడ్డు మీద నెత్తురు మరక పడటం కూడా వీళ్ళలో మామూలే. చూడ్డానికి భయంగా ఉంటుంది కానీ నొప్పి ఉండదు, చూపు తగ్గదు. పది పదిహేను రోజుల్లో అదే పోతుంది. బీపీ ఒకసారి చూపించండి, చాలు.

ఊపిరితిత్తులు నేరుగా కంటికి చేసే చెడు సంగతి కూడా చెప్పాలి. ఆక్సిజన్ ఏళ్ళ తరబడి తక్కువగా ఉంటే ఒళ్ళు ఎర్ర కణాలను ఎక్కువగా తయారు చేస్తుంది, రక్తం చిక్కబడుతుంది. కంటి వెనక సిరలు ఉబ్బి మెలికలు తిరుగుతాయి, ఒక్కోసారి అడ్డం పడి మూసుకుపోతాయి. ఒక కంట్లో నొప్పి లేకుండా ఉన్నట్టుండి మసకబారితే అది కావచ్చు. ఇంకొకటి, లోపల చెడు గాలి, అంటే కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోవడం. పొద్దున నిద్ర లేవగానే తలనొప్పి, పగలు కూర్చున్నచోటే కునుకు, చింతనిప్పుల్లా ఎర్రబడ్డ కళ్ళు. ఇలాంటి మనిషి ఒకాయన తలనొప్పికి అద్దాలు కావాలని నా దగ్గరికి వచ్చాడు. పాప విప్పి చూస్తే రెండు కంటి నరాలూ వాచి ఉన్నాయి. వేలికి మీటరు పెట్టి చూస్తే ఆక్సిజన్ 82 శాతమే. అద్దాలు రాయకుండా అదే ఆటోలో ఛాతీ డాక్టరు దగ్గరికి పంపాను. రాత్రిపూట మాస్కుతో ఊపిరికి సాయం చేసే బైపాప్ మిషన్ పెట్టాక రెండు నెలల్లో వాపు తగ్గింది, తలనొప్పీ పోయింది.

ఛాతీ జబ్బున్న మన పెద్దవాళ్ళలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు టీబీ కూడా వచ్చి ఉంటుంది. నాన్నగారు ఇప్పుడు గానీ ఈ మధ్య గానీ టీబీ మందులు వాడారా? అందులోని ఇథాంబుటాల్ కొందరిలో కంటి నరాన్ని దెబ్బ తీస్తుంది. ముందుగా ఎరుపు, పచ్చ రంగులు వెలిసిపోయినట్టు కనిపిస్తాయి. ఇప్పటి పద్ధతిలో ఈ మందు ఆరు నెలలూ ఇస్తారు, కాబట్టి మధ్యలో చూపు ఏ మాత్రం తగ్గినా చెప్పాలి. వెంటనే ఆపితే చాలామందిలో చూపు వెనక్కి వస్తుంది, ఆలస్యమైతే రాకపోవచ్చు. ఆపమని చెప్పాల్సింది డాక్టరే, సొంతంగా ఆపవద్దు.

పొగ తాగేవాళ్ళకు కంటి వెనక మధ్య పొర అరిగిపోయే జబ్బు కూడా ఎక్కువ, తాగనివాళ్ళకన్నా రెట్టింపుకు మించి. శుక్లం తీసినా ఇది ఉంటే చూపు పూర్తిగా రాదు, అందుకే ఆపరేషన్‌కు ముందే చూసుకోవాలి. ఇంట్లో చిన్న పరీక్ష ఉంది. గోడ మీది క్యాలెండర్ గళ్ళను ఒక్కో కన్ను మూసి చూడమనండి. గీతలు వంకర పోయినట్టున్నా, మధ్యలో ఒక గడి మాయమైనా చెప్పండి. దీనికి 'కంటి విటమిన్' మాత్రలు అమ్ముతారు. పొగ తాగేవాళ్ళు బీటా కెరోటిన్ ఉన్న మాత్రలు వాడకూడదు. 1994లో ఫిన్లాండ్‌లో పొగతాగే మగవాళ్ళ మీద చేసిన పెద్ద పరిశోధనలో బీటా కెరోటిన్ మాత్రలు మింగినవాళ్ళలో ఊపిరితిత్తుల క్యాన్సర్ ఎక్కువగా కనిపించింది. మానేసినవాళ్ళు కూడా ల్యూటిన్ ఉన్నవే తీసుకోవాలి. క్యారెట్ కూర తింటే ఏమీ కాదు, అది భయపడాల్సిన మోతాదు కాదు.

ఇక ఆపరేషన్. చేయవచ్చు, నేను ఏటా ఇలాంటివాళ్ళకు చేస్తూనే ఉన్నాను. మత్తు ఇంజెక్షన్ అక్కర్లేదు, చుక్కలతోనే కన్ను మొద్దుబారుతుంది, చెయ్యి తిరిగిన డాక్టరుకు పది పదిహేను నిమిషాల పని. బల్ల తల వైపు ఎత్తి పెడతాం, ముఖం మీద గుడ్డ కింద సన్నగా ఆక్సిజన్ వదులుతాం. అసలు చిక్కు ఆయాసం కన్నా దగ్గు. కంటికి కోత పెట్టి తెరిచి ఉన్నప్పుడు గట్టిగా దగ్గితే లోపల నెత్తురు చిమ్మే ప్రమాదం ఉంది. అందుకే ముందే చెబుతా: "దగ్గు వస్తుంటే వేలు పైకెత్తు నాయనా, నేను చెయ్యి తీస్తా, తర్వాత దగ్గు." బల్ల ఎక్కే ముందు పంపు కొట్టించుకోవాలి.

ఇంట్లోనే ఒక రిహార్సల్ చేయించండి. మంచం మీద ఒక పలచటి దిండు, ముఖం మీద తువ్వాలు, ఇరవై నిమిషాలు కదలకుండా. ఉండగలిగితే సగం పని అయినట్టే. ఉండలేకపోతే ఎంత ఎత్తులో ఉండగలరో చూసి డాక్టరుకు చెప్పండి, కొందరికి దాదాపు కూర్చోబెట్టి చేశాం. ఆయాసం పెరిగి ఉన్న ఇప్పుడు మాత్రం వద్దు. ముందు అది కుదుటపడాలి, చలి తగ్గాలి. ఆపరేషన్ తర్వాత నెల రోజులు పొగాకు కాల్చే బ్యారన్ దగ్గరికి పోకూడదు, ఆ వేడి, పొగ, దుమ్ము పడవు. ఆకు కాల్చే రోజుల్లో రైతును ఇంట్లో కూర్చోబెట్టడం ఎంత కష్టమో నాకు తెలుసు, వేలం రోజుల్లో నా ఓపీ ఎలా పలచబడుతుందో చూస్తూనే ఉన్నా. కాల్చే పని ఎవరికైనా అప్పజెప్పగలిగితే సరే, లేదంటే అది అయ్యాకే పెట్టుకోండి. ఇలాంటి శుక్లం రెండు మూడు నెలలు ఆగినా కొంపలేం మునగవు. ప్రెషర్ మాత్రం ఆగదు, దాన్ని ముందు చూడాలి.

సిగరెట్ ఇప్పటికీ తాగుతున్నారో లేదో మీరు రాయలేదు. తాగుతుంటే 1800-11-2356కు ఫోన్ చేయించండి, మాన్పించడానికి సాయం చేసే ప్రభుత్వ నంబరు, ఖర్చు లేదు. ఇంట్లో ఆక్సిజన్ పెట్టుకునే రోజు వస్తే ఆ గదిలో బీడీ, అగ్గిపుల్ల ఏదీ వెలగకూడదు. ముఖం కాలి వచ్చినవాళ్ళను చూశాను.

డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఇన్‌హేలర్లు, నెబులైజర్ మందు, చుక్కల సీసాలు, పాత చీటీలు అన్నీ ఒకే సంచిలో వేసుకుని వెళ్ళండి. కంటి డాక్టరుకూ అదే సంచి, ఛాతీ డాక్టరుకూ అదే సంచి. అప్పటిదాకా చీకటి పడ్డాక ఆయన్ను బండి నడపనివ్వకండి.

సీసా ఫోటో రాగానే అందులో ఉన్న మందు పేరు, చుక్కలు మొదలుపెట్టిన తేదీ ఇక్కడ రాయండి. ఈ రాత్రి పదింటిదాకా చూస్తూ ఉంటాను.